లెక్కలోకి రానివాళ్ళు

సుమలత గుమ్మం బయట చెప్పులు విప్పేలోపే కేసు తేలిపోయినట్టు కనిపించింది.

హాల్లో ప్లాస్టిక్ స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేల వంక చూస్తున్నాడు. పక్కన పేపరు ప్లేటులో పులిహోర అలాగే ఉంది. అతనికి ఎదురుగా సోఫాలో ఒక పెద్దాయన, ఒళ్లో ట్యాబు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. ఆయన జేబులోంచి ఒక వర్క్ పర్మిట్ కార్డు అంచు బయటికి కనిపిస్తోంది. ఆ కార్డు ఎవరిదో అడగక్కర్లేదు.

"రండి ఆంటీ," అంది అనన్య తలుపు దగ్గరే నిలబడి. మధ్యాహ్నం సుమలతకి ఫోన్ చేసింది ఆ అమ్మాయే. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి. "ఈయన కేశవరావు అంకుల్, లిఫ్ట్ పక్క ఫ్లాటు. అతను భద్రయ్య, శ్రీకాకుళం నుంచి పనికొచ్చాడు. బూన్ లే దగ్గర కూలీల డార్మిటరీలో ఉంటాడు. పూజకి అరటి బోదెలు అతనే తెచ్చి కట్టాడు."

కేశవరావు సుమలతని పైనుంచి కిందికి చూశాడు. పూజ జరిగిన ఇంటికి వెళ్తున్నానని ఆవిడ ఆ రోజు నేతచీర కట్టుకొచ్చింది.

"మీరేనా డిటెక్టివు? అనన్య చెప్తే మగాయన అనుకున్నాను."

"చాలామంది అలాగే అనుకుంటారండీ. నా పని సగం దానివల్లే నడుస్తుంది."

సింగపూర్‌లో లైసెన్సు ఉన్న డిటెక్టివే అయినా సుమలత చేతికి వచ్చేవి ఎక్కువగా ఇన్సూరెన్సు తగాదాలూ, పెళ్లి సంబంధాల వాకబులూ. చాంగీ బిజినెస్ పార్కులో పనిచేసే పెళ్లికొడుకులు ఎన్నింటికి ఇల్లు చేరతారో, ఎవరితో చేరతారో కనుక్కుని ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్పడంలో ఆవిడకి మంచి పేరుంది. దొంగతనం కేసు రావడం అరుదు. ఈ చోవా చూ కాంగ్ పేటలో, అదీ తెలుగువాళ్ల ఇంట్లో, మరీ అరుదు.

"ఆ అరుదు ఊరికే రాలేదు," అన్నాడు కేశవరావు, ఆవిడ మనసులో మాట విన్నట్టే. ట్యాబు తిప్పి చూపించాడు. తెర మీద ఒక గ్రాఫు. ఎర్రగీత ఒకటి నేలకి అతుక్కుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుకుని ఉంది. "ఈ బ్లాకు సేఫ్టీ వలంటీర్లకి నేనే లీడర్ని. పదేళ్లనుంచీ. మన తెలుగు ఇళ్లల్లో ఈ పదేళ్లలో ఒక్క కేసు లేదు. సున్నా."

"మరి ఇది?"

"ఇది బయటివాడి పని. బయటివాడు చేస్తే మన లెక్కలోకి రాదు."

స్టూలు మీద మనిషి తల ఎత్తలేదు.

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తాం. ఐదింటికి ఇతని సూపర్వైజరు వస్తున్నాడు. ఆయన ముందు ఒప్పిస్తాను. తర్వాత దొంగతో సహా పోలీస్ పోస్టుకి వెళ్తాం. ఒకే కాగితం మీద కంప్లయింటు, ముగింపూ. ఎవరికీ తలవంపులుండవు."

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఐదింటికి ఏమవుతుందో సుమలతకి తెలుసు. నేరం రుజువు కానక్కర్లేదు. సూపర్వైజరు చెవిన పడితే చాలు. కంపెనీవాళ్లు తలనొప్పి ఎందుకని పర్మిట్ రద్దు చేయించి విమానం ఎక్కించేస్తారు. తర్వాత అసలు దొంగ దొరికినా, శ్రీకాకుళంలో ఉన్న మనిషిని ఎవరూ వెనక్కి పిలవరు.

"ముందు ఆ కార్డు ఇవ్వండి," అని చెయ్యి చాపింది.

"ఏ కార్డు?"

"మీ జేబులోది. ఒకరి పర్మిట్ ఇంకొకరు పట్టుకుని కూర్చోవడం మీ గ్రాఫులోకి రాకపోవచ్చు. చట్టం లెక్కలోకి వస్తుంది."

కేశవరావు మొహం కందగడ్డలా అయింది. కార్డు తీసి టీపాయ్ మీద పెట్టాడు, చేతికివ్వలేదు. సుమలత దాన్ని తీసి భద్రయ్య చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో అందుకుని, చొక్కాతో తుడిచి, లోపలి జేబులో దాచుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు అనన్యా. నిన్నటి నుంచి."

అనన్య చెప్పింది. నిన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. భర్త శ్రీనాథ్ ఆఫీసు పనిమీద జకార్తా వెళ్లాడు, అయినా వ్రతం మానకూడదని చేసుకుంది. హాల్లో మండపం కట్టి, కలశానికి చీర కట్టి, వెండి ముఖం పెట్టి, ఇంట్లో ఉన్న బంగారమంతా అమ్మవారికే పెట్టింది. అత్తగారిచ్చిన కాసులపేరు, హారం, వడ్డాణం, బుట్టకమ్మలు. సాయంత్రం బ్లాకులో ముత్తైదువలందరూ పేరంటానికి వచ్చి తాంబూలాలు తీసుకుని వెళ్లారు.

"రాత్రంతా నగలు అమ్మవారి మీదే ఉన్నాయా?"

"ఉద్వాసన చెప్పకుండా తీయకూడదు కదా ఆంటీ. పొద్దున్నే నెల్లూరు నుంచి మా అమ్మ వీడియో కాల్లో చెప్తే చేద్దామనుకున్నా. పాపకి స్విమ్మింగ్ క్లాసు, తొమ్మిదింటికి తీసుకెళ్లా. పదకొండింటికి వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. లోపల అమ్మవారి మెడ మాత్రం బోసిగా ఉంది." "అంత బంగారం అలా వదిలేసి వెళ్లావా అని అందరూ అంటున్నారు. ఏమో, సింగపూరే కదా అనుకున్నా."

సింగపూరే కదా. ఇన్సూరెన్సు కేసుల్లో ఆ మాట విని విని సుమలత చెవులు అరిగిపోయాయి.

"తాళం పగలకుండా ఎలా వచ్చారు? ఇంకో చెవి ఉందా?"

అనన్య కళ్లు వాల్చుకుంది. "తులసి కుండీ కింద."

గుమ్మం బయట కారిడార్లో తులసి కుండీ సుమలత లోపలికి వస్తూనే చూసింది. సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు ఒకరి తులసికి ఒకరు నీళ్లు పోస్తారు. ఇంట్లో దేవుడి దగ్గర దీపం కూడా పెట్టమంటారు. అందుకని చెవి కుండీ కిందే ఉంటుంది. తెలుగువాళ్లుండే ఫ్లోరుల్లో ప్రతి తులసి కింద ఒక తాళంచెవి ఉంటుందని సుమలత ఎన్నో ఇళ్లల్లో చూసింది.

"చెవి సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మా పక్క బ్లాకు ఫ్రెండ్‌కి తెలుసు, తను హైదరాబాద్లో ఉంది ఇప్పుడు. శ్యామల ఆంటీకి, అంటే కేశవరావు అంకుల్ వాళ్లావిడకి. అంతే."

"వీడికి కూడా," అన్నాడు కేశవరావు. "మొన్న ఆ కుండీ జరిపి ముగ్గుకి చోటు చేసింది వీడే."

సుమలత స్టూలు దగ్గరికి వెళ్లి, తనో మోడా లాక్కుని భద్రయ్య ఎదురుగా కూర్చుంది. నిలబడి అడిగితే సమాధానాలు నేలకి చెప్తారు.

"చెవి చూశావా భద్రయ్యా?"

"సూసినానమ్మా. అబద్ధమెందుకు. కుండీ ఎత్తినప్పుడు కనపడింది. మళ్లీ ఆడే ఎట్టీసినాను."

"పొద్దున ఎందుకు వచ్చావు?"

"బోదెలు ఎండిపోతే గుమ్మానికి బాగోదు, శనివారం వొచ్చి తీసీయన్నా అని అక్క సెప్పింది. వొచ్చినాను. బెల్లు కొట్టినాను, ఎవులూ పలకనేదు. బోదెలు గేటుకే కట్టి ఉన్నాయి గదా, ఇప్పీసి, సంచీలో కుక్కి, కిందన చెత్తలో పడీసినాను. అంతేనమ్మా."

"ఏడు నిమిషాలు పట్టింది," అన్నాడు కేశవరావు. తన ఫోన్ ముందుకు చాపాడు. "మా డోర్‌బెల్‌కి కెమెరా ఉంది. లిఫ్టు, మెట్లు, రెండూ మా గుమ్మం పక్కనే. మధ్య ఫ్లాటు అమ్మకానికి పెట్టి ఖాళీ చేశారు. మా గుమ్మం దాటకుండా ఎవడూ ఇక్కడికి రాలేడు. తొమ్మిదికీ పదకొండుకీ మధ్య కెమెరా పట్టుకున్నది ఒక్క మనిషిని. చూడండి."

సుమలత చూసింది. తొమ్మిదిన్నర దాటాక భద్రయ్య చేతులు ఊపుకుంటూ వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు భుజం మీద నల్లసంచీ, బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు.

"సంచీ వెతికారా?"

"ఇతన్ని ఫోన్ చేసి వెనక్కి పిలిపించి, చెత్తగదిలోంచి తీయించాను. బోదెలే ఉన్నాయి. నగలు ఈలోపు ఎక్కడో దాచి ఉంటాడు."

"అమ్మా," అన్నాడు భద్రయ్య హఠాత్తుగా, "నేను వొచ్చినప్పుడు లోపల ఎవులో ఉన్నారనుకున్నాను. తలుపు సందులోంచి అగరొత్తు వాసన గుప్పుమని వొచ్చింది. పూజ సేసుకుంటన్నారు, మద్దిలో లెగరు అనుకుని రెండోసారి బెల్లు కొట్టనేదు."

"కట్టుకథ," అన్నాడు కేశవరావు.

సుమలత అనన్య వైపు తిరిగింది. "వెళ్లేముందు అగరొత్తులు వెలిగించావా?"

"లేదాంటీ. మంట ఏదీ ఉంచకూడదని దీపం కూడా కొండెక్కనిచ్చే వెళ్లా."

"నీకు వచ్చే నెల వెల్డింగు పరీక్ష అని అనన్య ఫోన్లో చెప్పింది," అంది సుమలత లేస్తూ, భద్రయ్యతో. "సిద్ధమయ్యావా?"

అతను తెల్లబోయి చూశాడు. "అయినానమ్మా. ఈడ ఉంటే రాస్తాను."

"తిను. పులిహోర చల్లారిపోతోంది. ఎవరు పెట్టారు?"

"మా ఆవిడ పంపింది," అన్నాడు కేశవరావు చిరాగ్గా. "రెండుసార్లు అడిగింది, అతను తిన్నాడా అని. దొంగక్కూడా వడ్డించే రకం."

సుమలత ఆ మాటకి ఒక్క క్షణం ఆగి, మండపం వైపు నడిచింది.

ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఆ ఒక్క మంచిపనీ కేశవరావే చేశాడు. పోలీసులు చూడాలి కదా అని మండపం చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టించాడు. సుమలత కుర్చీ జరిపి, కొంగు నడుములో దోపి, మోకాళ్ల మీద కూర్చుంది.

అమ్మవారి పట్టుచీర కుచ్చిళ్లు చెక్కుచెదరలేదు. వెండి ముఖం అలాగే నవ్వుతోంది. మెడలో పసుపుతాడు, నల్లపూసలు ఉన్నాయి. కాసులపేరు, హారం, వడ్డాణం, కమ్మలు లేవు. దొంగ కంగారుపడి లాగినట్టు ఎక్కడా లేదు. హారం కొక్కెం చీర అంచుకి పిన్నుతో గుచ్చి ఉంటే, ఆ పిన్ను తీసి, మళ్లీ మూసి, పళ్లెంలో ఒక పక్కగా పెట్టి వెళ్లారు.

"నిన్న సాయంత్రం వీడియో ఏమైనా తీశావా?"

అనన్య ఫోన్ ఇచ్చింది. హారతి ఇస్తుండగా తీసింది. సుమలత దాన్ని ఆపి, తెర మీద వేళ్లతో పెద్దది చేసి, ఎదురుగా ఉన్న కలశంతో పోల్చి చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు వేలితో కొంచెం పైకెత్తి కింద బియ్యం చూసింది.

కలశం ఉండాల్సిన చోట బియ్యంలో గుండ్రంగా గుంట ఉంది. కలశం ఆ గుంటలో లేదు. బెత్తెడు ఎడంగా, కిటికీ వైపు జరిగి ఉంది.

"ఉత్తరం ఎటు?"

"కిటికీ వైపు," అంది అనన్య. అన్నాక ఆ అమ్మాయి నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"నువ్వు జరిపావా?"

"లేదు! నేను ఉద్వాసన చెయ్యనే లేదు. నగలు లేవని చూసి ఇక్కడే కూలబడిపోయా."

"ఎవరో చేశారు." సుమలత కలశం అడుగున కొత్తగా రాలిన అక్షింతలు చూపించింది. "నగలు తీసేముందు అమ్మవారికి ఉద్వాసన చెప్పి, కలశం ఉత్తరానికి జరిపి, అప్పుడు తీశారు. పూజలో ఉన్న అమ్మవారి ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి భయపడ్డారు. పసుపుతాడు అసలు ముట్టుకోలేదు."

"అయితే?" కేశవరావు లేచి నిలబడ్డాడు. "వాడూ తెలుగువాడేగా. వాడికీ భయభక్తులుంటాయి. ఇది డిటెక్టివ్ పనో పౌరోహిత్యమో నాకర్థం కావడంలేదు. వేలిముద్రలు చూడండి, టైమింగు చూడండి. బియ్యంలో గుంటలు చూసి దొంగల్ని పట్టుకుంటారా?"

"పెళ్లికొడుకుల్ని చెప్పుల అరుగుదల చూసి పట్టుకున్నానండీ. ఇది కాస్త నయం."

కలశం ముందు తమలపాకు ఒకటి ఉంది. ఆకు మీదికి చీమలు బారు కట్టాయి. సుమలత చీమల్ని మెల్లగా ఊది, ఆకు చేతిలోకి తీసుకుంది. మధ్యలో నల్లటి బెల్లం ముక్క, చక్రంలా గుండ్రంగా కోసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పొగ వాసన, కొబ్బరి వాసన.

"అమ్మవారిని పంపేముందు ఏదో ఒకటి నైవేద్యం పెట్టాలి. ఉత్తచేతులతో పంపరు. ఇది నిన్నటి వీడియోలో లేదు. మీ ఇంటిదా?"

"కాదాంటీ. మాది పచ్చగా ఉంటుంది. ఆన్‌లైన్లో అనకాపల్లిది తెప్పిస్తా."

సుమలత ఇక అడగలేదు. అది గులా మెలాకా, కొబ్బరికల్లు కాచి గొట్టాల్లో పోసే మలయ్ బెల్లం. ఈ కాలం పిల్లలు దాన్ని ఐస్‌క్రీములోనే ఎరుగుదురు. ఎప్పుడో పాతికముప్పై ఏళ్ల కిందట, మంచి బెల్లం కోసం ఇండియన్ కొట్లుండే సెరంగూన్ రోడ్డుదాకా పోవాల్సిన రోజుల్లో ఇక్కడ కాపురం పెట్టినవాళ్లు పరమాన్నంలోకీ పులిహోరలోకీ అదే వాడటం అలవాటు చేసుకున్నారు. తర్వాత అనకాపల్లి బెల్లం గుమ్మంలోకి వచ్చినా వాళ్లు ఆ రుచి మానలేదు.

ఆవిడ భద్రయ్య ప్లేటు వంక చూసింది. అతను ఇప్పుడు మెల్లగా తింటున్నాడు. పులిహోర రంగు మామూలుకంటే ఒక చాయ ముదురుగా ఉంది.

"కేశవరావుగారూ, మీ కెమెరా అందర్నీ పట్టుకుంటుందా?"

"గుమ్మం ముందు కదిలితే పిల్లినైనా పట్టుకుంటుంది."

"మీరు పొద్దున్నే వాకింగుకి వెళ్తారు కదా. అది కూడా ఉందా ఇందులో?"

"అబ్బే, ఇంట్లోవాళ్ల మొహాలు దానికి నేర్పించి తీసేయించాను. లేకపోతే మేం చెత్త పారెయ్యడానికి వెళ్లినా నా ఫోన్ మోగుతుంది. బయటివాళ్లనే లెక్కపెట్టమన్నాను."

చెప్పింది ఆయనే అయినా ఆయనకి వినపడలేదు. అనన్యకి వినపడింది. ఆ అమ్మాయి చెయ్యి నోటికి వెళ్లింది. సుమలత కళ్లతోనే వద్దంది.

"శ్యామలగారు ఇంట్లో ఉన్నారా? పూజ సంగతి పెద్దవాళ్లని ఒకమాట అడగాలి."

"ఉంది. వారం రోజులనుంచీ తలనొప్పట, దేవుడి గది వదిలి రావడంలేదు. నిన్న పేరంటానికి కూడా ఇలా వచ్చి అలా వెళ్లిపోయింది. మీరు వెళ్లి ఏం అడిగినా ఐదింటికి మాత్రం సూపర్వైజరు వస్తాడు. అది మారదు."

"నిన్న ఆంటీ మట్టిగాజులే వేసుకొచ్చారు," అంది అనన్య చాలా నెమ్మదిగా. "చేతినిండా బంగారం ఉండేది. అడిగితే పాలిష్‌కి ఇచ్చానన్నారు. ఫోన్ మాత్రం చేతిలోనే. ఎవరితోనూ మాట్లాడట్లేదు, చూడట్లేదు. ఊరికే పట్టుకునే ఉన్నారు."

సుమలత తన ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. అంతదాకా ఆవిడ వెతుకుతున్నది ఒక దొంగని.

"నేను మెసేజ్ పెడితే ఏం చెప్తే అది చెయ్యి. ఎందుకని అడక్కు," అని అనన్యతో అని, కారిడార్లోకి నడిచింది.

కేశవరావు ఫ్లాటు ఇనప గేటు గడియ మాత్రమే పెట్టి ఉంది. వంటగట్టు మీద నల్లటి గొట్టం లాంటి బెల్లం, ఒక చివర చక్రంలా కోసిన గుర్తు. దాన్ని సుమలత ఒక్కసారే చూసి దాటిపోయింది.

దేవుడి గదిలో శ్యామలాదేవి పీట మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. నుదుటిమీద పెద్ద బొట్టు, చేతులకి ఎర్ర మట్టిగాజులు. దీపం కుందెకి ఆనించి ఒక ఫోన్ నిలబెట్టి ఉంది. తెర నల్లగా ఉంది గానీ ఒక మూల చిన్న పచ్చచుక్క వెలుగుతోంది. వీడియో లేకుండా ఏదో కాల్ నడుస్తోంది.

"శ్యామలగారూ," అంది సుమలత.

శ్యామలాదేవి ఉలిక్కిపడి తిరిగింది. వెంటనే వేలు పెదవులకి తీసుకెళ్లింది. తర్వాత ఆ వేలు చెవికి, చెవి నుంచి ఫోన్‌కి. ఆ కళ్లల్లో దొంగ భయం లేదు. ముల్లు గుచ్చుకున్న చంటిపిల్ల ఎవరికి చెప్పాలో తెలియక చూసే చూపు ఉంది.

సుమలతకి అంతా ఒక్కసారి అర్థమైంది. పోయిన ఏడాదినుంచి ఆవిడ దగ్గరికి వచ్చిన ఇన్సూరెన్సు ఫైళ్లలో సగం ఇవే. ప్రభుత్వాఫీసు నుంచి అంటూ ఫోన్ వస్తుంది. మీ పేరుమీద నేరం జరిగింది అంటారు. ఎవరికైనా చెప్తే మీ ఆయన్ని అరెస్టు చేస్తాం అంటారు. రాత్రీ పగలూ ఫోన్ పెట్టేయనివ్వరు. తాళాలు పగలకొట్టే దొంగలు తగ్గిపోయిన ఊళ్లో, మనుషుల్ని వాళ్లింట్లోనే తాళం వేసేవాళ్లు పెరిగారు. కేశవరావు గ్రాఫులో వాళ్లకి గీతే లేదు.

అవతలివాడికి తెలుగు వచ్చో రాదో. సుమలత గొంతు కాస్త పెంచి, పేరంటం గొంతు తెచ్చుకుంది.

"నిన్న రాలేకపోయానండీ, డ్యూటీ పడింది. పసుపు కుంకుమ తీసుకుని పోదామని వచ్చాను."

శ్యామలాదేవి ఒక్క క్షణం అలాగే చూసింది. కళ్లల్లోంచి నీళ్లు జలజలా రాలాయి గానీ గొంతు మాత్రం ఇల్లాలి గొంతే.

"రండమ్మా. కూర్చోండి. మకాన్ అయిందా, భోంచేశారా? ఇదిగో, పసుపు రాసుకోండి."

ఫోన్లోంచి మగగొంతు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా పలికింది. "మేడమ్, మీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ కాదు సార్. నైబర్ లేడీ. ప్రేయర్ థింగ్స్ తీసుకోవడానికి వచ్చింది."

"త్వరగా పంపించండి. నిబంధనలు గుర్తున్నాయి కదా. మా ఆఫీసరు ఇంకొద్దిసేపట్లో మీ దగ్గర ఉంటారు. రెండో సంచీ సిద్ధంగా ఉందా?"

"ఉంది సార్. కానీ సార్, చెకింగ్ అయిపోయాక సాయంత్రానికే వెనక్కిచ్చేస్తామన్నారు. మొదటి సంచీలోవి నావి, ఇవి నావి కావు సార్. పక్కింటి అమ్మాయివి. మా ఆయనకి మాత్రం ఏమీ కాదు కదా సార్?"

"మీరు సహకరిస్తే ఎవరికీ ఏమీ కాదు."

సుమలత ఒళ్లో ఫోన్ మీద వేళ్లు చప్పుడు లేకుండా కదిలాయి. పోలీసులకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. మోసగాళ్ల మనిషి బంగారం కోసం ఈ ఫ్లోరుకి వస్తున్నాడని చెప్పు. భద్రయ్య దొంగ కాదు. అనన్యకి పంపి, ఫోన్ పక్కన పెట్టేసి, మెడకి గంధం రాయించుకోవడానికి తల కొంచెం వంచింది.

శ్యామలాదేవి గంధం గిన్నె దగ్గరికి లాక్కుంది. గంధం రాసి, బొట్టు పెట్టి, పీట కింద నుంచి ఒక గుడ్డసంచీ తీసింది. ఫోన్ వంక చూసింది. సుమలత వంక చూసింది. సంచీలోంచి కాసులపేరు చప్పుడు కాకుండా గుప్పిట్లోకి లాగి పళ్లెంలో పెట్టింది. దాని మీద హారం, వడ్డాణం, బుట్టకమ్మలు. వాటిమీద తమలపాకులు పరిచి, అరటిపళ్లు, వక్కలు, రవికెలగుడ్డ పెట్టింది. ఖాళీ సంచీలో బియ్యపు గిన్నె బోర్లించి, మూతి ముడేసి, మళ్లీ పీట కిందికి తోసింది. అంత భయంలోనూ ఆ చేతులు ఎన్నో ఏళ్లుగా తాంబూలాలు సర్దిన చేతులు. ఒక్క ఆకు జారలేదు.

పళ్లెం పట్టుకుని లేచి నిలబడింది. కొంగు తలమీదికి కప్పుకుంది.

"ఇస్తినమ్మ వాయనం," అంది.

సుమలత కొంగు పట్టి నిలబడింది. "పుచ్చుకుంటినమ్మ వాయనం."

కొంగు బరువుకి కిందికి సాగింది. సుమలత దాన్ని నడుముకి చుట్టి గట్టిగా దోపుకుంది.

"అతను తిన్నాడా అమ్మా?" అంది శ్యామలాదేవి, పెదవులు కదిపీ కదపకుండా. "ఆ పిల్లాడు?"

"తిన్నాడండీ."

"మేడమ్," అంది ఫోన్లో గొంతు, "ఆవిడ వెళ్లిందా?"

జవాబు చెప్పేలోపు బయట కారిడార్లో ఒక ఫోన్ టింగుమని మోగింది. కేశవరావు డోర్‌బెల్ కెమెరా ఎవరో బయటి మనిషిని పట్టుకుంది. వెంటనే ఆయన చెప్పుల చప్పుడు గబగబా ఇటు వచ్చింది. ఏదో కొత్త గొంతు, ఇంగ్లీషులో, మెల్లగా. మెడలో కార్డు చూపిస్తున్నట్టు ఒక ప్లాస్టిక్ చప్పుడు. కేశవరావు గొంతులో కరుకుదనం కరిగి మర్యాదగా మారిపోవడం సుమలత గోడ ఇవతల నుంచే విన్నది.

ఆవిడ దేవుడి గది తలుపుకి, శ్యామలాదేవికి మధ్యకి జరిగి నిలబడింది.

ఇనప గేటు గడియ తీసిన చప్పుడైంది.

"శ్యామలా! గవర్నమెంటు ఆఫీసరుగారట, నిన్నే అడుగుతున్నారు," అని కేక వేశాడు కేశవరావు. తర్వాత వచ్చినవాడితో, ఎంతో గర్వంగా, "రండి సార్, లోపలికి రండి. మా బ్లాకులో ఎవరికీ ఏ భయమూ లేదు," అన్నాడు.